రోబోకి కులం లేదు, సరే. దాని పక్కన నిలబడేదెవరు?

(‘మోత’ – 4వ భాగం)

పోయిన భాగంలో మార్కెట్ యార్డు హమాలీల గురించి రాశాను. కింద కనీసం పదిమంది ఒకే మాట రాశారు. "అన్నా, ఇంకెన్నాళ్లు ఈ బస్తాల గోల? గోదాముల్లోకి రోబోలు వచ్చేస్తున్నాయి. మిషన్‌కి కులం ఉండదు. అది మోస్తే మీవాళ్ల వీపులకు విముక్తి." రాసినవాళ్లలో ఎక్కువమంది అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు. ఇద్దరు మాత్రం మనవాళ్లే. ఆ ఇద్దరి కోసమే ఈ భాగం.

"మీవాళ్ల వీపులు" అన్న మాట గమనించారా? మిషన్‌కి కులం లేదని చెప్పే మాటలోనే ఎవరి వీపు మీద బస్తా ఉంటుందో వాళ్లకు తెలిసిపోయింది. సరే, వదిలేద్దాం. వాదనకి వద్దాం.

మిషన్‌కి కులం లేదు. ఒప్పుకుంటా. ఇనుముకీ మోటారుకీ కెమెరాకీ కులం ఎక్కడిది? బొంబాయి బట్టల మిల్లుల్లో మరమగ్గానికీ కులం లేదు. ఎవరు నిలబడ్డా నేస్తుంది. అయినా ఆ మిల్లుల్లో నేత విభాగంలోకి అంటరాని కులాలవాళ్లను రానివ్వలేదు. కారణం ఏంటో తెలుసా? నాడెలో కండె అయిపోయి కొత్తది పెట్టినప్పుడు దారం కొసని నాడె కన్నంలోంచి బయటికి తేవాలి. నోటితో పీల్చి తెచ్చేవాళ్లు. ఒక మహర్ పీల్చిన నాడెని రేపు ఇంకో కులంవాడు నోట పెట్టుకోవాలి. ఎంగిలి! అంతే, కూలి ఎక్కువొచ్చే నేత విభాగం తలుపులు మూసుకున్నాయి. కూలి తక్కువుండే వడుకు విభాగంలో మనవాళ్లు మిగిలారు. ఇదేదో మారుమూల పల్లె ముచ్చట కాదు. దేశంలోకెల్లా ఆధునిక నగరంలో, ఎర్రజెండా సంఘాలు లక్షమందిని రోడ్ల మీదికి తేగలిగిన చోట జరిగింది.

1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభ జరిగింది. కార్మికుడికి శత్రువులు ఇద్దరు, ఒకటి బ్రాహ్మణవాదం, రెండోది పెట్టుబడిదారీ విధానం అని అంబేడ్కర్ చెప్పింది అక్కడే. గాల్లోంచి చెప్పలేదు. రైల్వేలో మనవాడు జీవితమంతా గ్యాంగ్‌మన్‌గానే ఉండిపోతున్నాడు, పోర్టర్ పని కూడా ఇవ్వట్లేదు అని లెక్క తీసి చెప్పాడు. పోర్టర్ పని ఎందుకివ్వరు? పోర్టర్‌తో స్టేషన్ మాస్టరు ఇంటిపని కూడా చేయించుకుంటాడు. అంటరానివాణ్ని ఇంట్లోకి ఎట్లా రానిస్తాడు? రైలింజను అప్పటికి దేశంలో అందరికంటే పెద్ద మిషన్. అది ఎవరి కులమూ అడగలేదు. దాని చుట్టూ ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పేవాడు అడిగాడు.

ఇక గోదాముల సంగతి.

లాజిస్టిక్స్ అని ఇప్పుడు ఎంబీఏలో చెప్తున్నారు. సామాను ఒకచోటి నుంచి ఇంకోచోటికి అనుకున్న టైముకి చేర్చడం. నిజాం తెలంగాణలో దీనికి ఇంకో పేరుండేది. వెట్టి. అధికారి ఊరికొస్తే ఆయన సామాను, ఆయన కాగితాలు నెత్తిన పెట్టుకుని పక్కూరి దాకా మోసేది మాల, మాదిగ ఇళ్లవాళ్లు. అక్కణ్నుంచి ఆ ఊరి మాల, మాదిగలు అందుకునేవాళ్లు. ఇప్పటి కంపెనీ భాషలో హబ్బులు, రిలే డెలివరీ. కూలి లేదు, టైము లేదు, కాదనే హక్కు లేదు. మహారాష్ట్రలో మహర్ వతన్ కూడా దాదాపు ఇదే. ఆ బంధనాన్ని తెంపడానికి అంబేడ్కర్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టాడు. ఈ దేశంలో సరుకు రవాణా చరిత్ర రాస్తే మొదటి అధ్యాయం మన నెత్తి మీదే మొదలవుతుంది. రాసేవాళ్లు సిల్క్ రోడ్డు నుంచి మొదలుపెడతారు, అది వేరే విషయం.

కాబట్టి మోత పోతుందంటే మాకు ఏడుపెందుకు? మా నాయన ముప్పై ఏళ్లు మిర్చి టిక్కీలు మోశాడు. ఆయన మెడ ఇప్పుడు కుడివైపు తిరగదు. కొక్కెం పట్టీ పట్టీ అరచెయ్యి చెక్కలా అయింది. పెద్దమనిషి ఎత్తే బరువు 55 కిలోలు దాటకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. అప్పుడు మనకి క్వింటా బస్తాలు నడుస్తున్నాయి. ఆ బస్తా మీద నాకు ఏ ప్రేమా లేదు, దాన్ని శ్రమ సౌందర్యం అని కవిత్వం రాసే కామ్రేడ్ల మీద అసలే లేదు.

అందుకే రోబో అసలు ఏం చేస్తుందో సరిగ్గా చూద్దాం.

అమెజాన్ 2012లో కీవా అనే కంపెనీని 77.5 కోట్ల డాలర్లకి కొన్నది. ఆ కంపెనీ తయారుచేసింది నారింజరంగు పీటలాంటి ఒక బండి. నేల మీద అతికించిన గుర్తుల్ని చూసుకుంటూ అల్మరా కిందికి దూరుతుంది, దాన్ని కొంచెం పైకి లేపుతుంది, మనిషి నిలబడ్డ చోటికి తీసుకొస్తుంది. మనిషి కదలక్కర్లేదు. స్క్రీన్ మీద ఏ వస్తువు చూపిస్తే అది తీసి, స్కాన్ చేసి, డబ్బాలో వెయ్యాలి. ఆ అల్మరా వెళ్లేలోపు వెనక ఇంకో నాలుగు వరసలో నిలబడి ఉంటాయి. అంతకుముందు అదే మనిషి రోజంతా మైళ్లకు మైళ్లు నడిచి సరుకు ఏరుకొచ్చేవాడు. 2025 జులై నాటికి ఆ కంపెనీ దగ్గర ఇలాంటివీ ఇతర రకాలవీ కలిపి రోబోలు 10 లక్షలయ్యాయి.

నడక తప్పింది కదా, మంచిదే కదా? 2020లో రివీల్ అనే అమెరికన్ వార్తాసంస్థ కంపెనీ సొంత గాయాల రికార్డులు బయటికి తీసింది. రోబోలున్న గోదాముల్లో తీవ్రమైన గాయాలు, రోబోలు లేని గోదాముల కంటే 50 శాతం పైగా ఎక్కువ! కారణం తెలుసుకోవడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. పాత గోదాములో గంటకు 100 వస్తువులు తీసే మనిషి ఇక్కడ 400 దాకా తియ్యాలి. నడక పోయింది, నడకలో దొరికే ఊపిరీ పోయింది. అదే భుజం, అదే నడుము, అదే వంగడం, పది గంటలు. మా నాయన బస్తాకీ బస్తాకీ మధ్య బీడీ తాగేవాడు. దడవాయి కాటా సరిచేసేలోపు చెట్టుకింద కూర్చునేవాడు. ఆ రెండు నిమిషాలు ఎవరూ దానం చెయ్యలేదు. పనిలోనే ఉండేవి. మిషన్ ముందుగా మింగింది ఆ రెండు నిమిషాల్ని.

పైగా చేతిలో ఉన్న స్కానరే కాపలావాడు. ఒక స్కాన్‌కీ ఇంకో స్కాన్‌కీ మధ్య ఎన్ని సెకన్లు పోయాయో రాసుకుంటుంది. పాస్‌కి పోయినా, కళ్లు తిరిగి కూర్చున్నా లెక్క ఒకటే, పని చెయ్యని టైము. బాల్టిమోర్‌లో ఒక్క గోదాములోనే ఏడాది కాలంలో 300 మంది దాకా రేటు అందుకోలేదని పని పోగొట్టుకున్నారని 2019లో బయటపడ్డ కాగితాలు చెప్పాయి. హెచ్చరిక నోటీసు తయారుచేసింది కూడా కంప్యూటరే. దొర దగ్గరైతే కాళ్లమీద పడి ఏడవచ్చు, తిట్టి పారిపోవచ్చు. దీని కాళ్లెక్కడున్నాయి?

ఇదంతా అమెరికా. ఇక్కడికొస్తే కథ ఇంకో మలుపు తిరుగుతుంది.

ఫ్లిప్‌కార్ట్ 2019లో బెంగళూరులో పార్సిళ్లు వేరుచెయ్యడానికి 100కి పైగా రోబో బండ్లు పెట్టింది. నోయిడాలో గోదాము రోబోలు చేసే యాడ్‌వెర్బ్‌లో 54 శాతం వాటాని రిలయన్స్ 2022లో కొన్నది. అంటే డబ్బున్నవాళ్లకి ఈ వ్యాపారం ఎటు పోతుందో బాగా తెలుసు. కానీ మన గోదాముల్లో మిషన్ ఎక్కడ పెడుతున్నారు, ఎక్కడ పెట్టట్లేదు? వేగం కావాల్సిన చోట పెడుతున్నారు. బరువున్న చోట పెట్టట్లేదు. లారీ దించే చోట, కంటెయినర్ లోపల, ఎండాకాలం రేకుల కింద ఇంకా మనిషే. ఎందుకంటే అక్కడ మనిషి రోబో కంటే చవక. రోబో కొంటే వడ్డీ, రిపేరు, కరెంటు. మనిషిని కొననక్కర్లేదు, చెడిపోతే గేటు బయట పెడితే చాలు.

2024 ఎండల్లో హర్యానాలోని మానేసర్ అమెజాన్ గోదాములో ఏం జరిగిందో గుర్తుందా? ఆరు లారీల సరుకు దించేదాకా నీళ్లకీ బాత్రూంకీ పోమని కార్మికులతో ప్రమాణం చేయించారని పత్రికల్లో వచ్చింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ తనంతట తాను కేసు తీసుకుంది. ఒక చోట జరిగిన తప్పు అని కంపెనీ సర్దుకుంది. ప్రపంచంలోకెల్లా ఎక్కువ రోబోలున్న కంపెనీ! దాని దగ్గర లారీ దించే మిషన్ లేకనా? ఆ ప్రమాణం చేసినవాళ్ల వీపు కంటే చవకైన మిషన్ లేక.

మా చిన్నమ్మ కొడుకు హైదరాబాద్ శివారులో ఒక ఆన్‌లైన్ కంపెనీ గోదాములో చేస్తాడు. కంపెనీ పేరు రాయను, వాడి పని పోతుంది. వాడి మాటల్లోనే: "అన్నా, లోపల బెల్టు ఉంది, స్కానర్లున్నాయి, అన్నీ ఉన్నాయి. బెల్టు మీద పెట్టేది మాత్రం నేనే. బెల్టు ఆగదు. నేనాగితే పైన లైటు ఎర్రగ అయితది." వాడు ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసయ్యాడు. బెల్టు ఆగినప్పుడు ఏ సెన్సర్ పోయిందో వాడికి తెలుసు, రెండుసార్లు చెప్పాడు కూడా. మెయింటెనెన్స్‌లోకి మార్చమని అడిగితే అది వేరే వెండర్ అన్నారు. ఆ వెండర్ దగ్గరికి పోతే అక్కడి సూపర్‌వైజర్ సర్టిఫికెట్ చూడకముందే రెండు ప్రశ్నలడిగాడు. ఏ ఊరు? ఊళ్లో ఎటుపక్క?

ఊళ్లో ఎటుపక్క! ఈ ప్రశ్నకి ఏ రోబో దగ్గరా సాఫ్ట్‌వేర్ లేదు. ఈ ప్రశ్న అడిగేవాడికి జీతం ఉంది.

ఇప్పుడు కామెంట్ రాసిన అన్నలకి చెప్తున్నా. అమెజాన్ హెడ్డాఫీసు ఉన్న ఊరు సియాటిల్. మీలో కొందరు ఉండేది అక్కడే. కుల వివక్ష కూడదని అమెరికాలో మొట్టమొదట చట్టం చేసుకోవాల్సొచ్చిన నగరం కూడా అదే, 2023 ఫిబ్రవరిలో. మిషన్ కోడ్ రాసే ఊళ్లో, ఏసీ ఆఫీసుల్లో, అందరూ ఇంజినీర్లే ఉన్నచోట కులాన్ని ఆపడానికి చట్టం కావాల్సొచ్చింది. మరి కొత్తూరులో, శంషాబాద్‌లో, మేడ్చల్‌లో కాంట్రాక్టర్ గేటు దగ్గర అది ఆవిరైపోయిందా?

అమెరికాలో ఇదే కంపెనీ తన ఉద్యోగుల్లో నల్లజాతివాళ్లెందరు, తెల్లవాళ్లెందరు, గోదాములో ఎందరు, మేనేజర్లలో ఎందరు అని లెక్క బయటపెడుతుంది. ఇక్కడ ఏ ప్రైవేటు కంపెనీ అయినా కులం లెక్క పెట్టిందా? అడిగితే "మేం కులం చూడం" అంటారు. చూడనివాళ్లకి లెక్క చెప్పడానికి భయమెందుకు? కంట్రోల్ రూంలో ఎవరు, డాక్ మీద ఎవరు అని ఒక్క కాగితం మీద రాసి గేటుకి అతికించండి. ఆ రోజు ఒప్పుకుంటా, మిషన్‌కీ కులం లేదు, మీకూ లేదని.

ఇంకో చోటికి తీసుకుపోతాను, ముక్కు మూసుకోకండి. మ్యాన్‌హోల్ దగ్గరికి. అల్మరా కిందికి దూరి దాన్ని మోసుకొచ్చే రోబోకి 2012లోనే వేల కోట్ల రూపాయలు పెట్టారు. డ్రైనేజీలోకి దిగే రోబో సంగతేంటి? కేరళలో కొందరు కుర్రాళ్లు బ్యాండికూట్ అని చేసి 2018లో తిరువనంతపురంలో దింపారు. అది పని చేస్తుంది. అంటే సైన్సు చేతకాక కాదు. పాకీపని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. మురుగుకాలవలో చచ్చిపోయినవాళ్ల కుటుంబాలకి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. బెజవాడ విల్సన్ జీవితం మొత్తం దీనికే పోతోంది. ఇప్పటికీ మనిషి దిగుతున్నాడు, ఇప్పటికీ చస్తున్నాడు. సబ్బుబిళ్ల గంట ముందు ఇంటికి చేరాలంటే రోబో వస్తుంది. ఒక మాదిగ కుర్రాడు సాయంత్రం ఇంటికి చేరాలంటే మాత్రం టెండరు, ఫైలు, పైలట్ ప్రాజెక్టు. మిషన్ ఎక్కడికి రావాలో మిషన్ తేల్చుకోదు. ఎవరి టైముకి విలువుందో, ఎవరి ప్రాణానికి లేదో తేల్చేవాళ్లు తేలుస్తారు.

అయితే మిషన్ వద్దంటున్నానా? ఇక్కడే మనవాళ్లిద్దరు తొందరపడ్డారు. మిషన్ వద్దన్నది గాంధీ. అంబేడ్కర్ కాదు. 1945లో కాంగ్రెస్ మీద, గాంధీ మీద రాసిన పుస్తకంలో ఆయన దీనికి సూటిగా జవాబు చెప్పాడు. మనిషికి తీరిక కావాలి, తీరిక లేకపోతే చదువూ ఆలోచనా లేవు, ఆ తీరిక ఇచ్చేది యంత్రమే అన్నాడు. యంత్రం వల్ల మేలు కొందరికే పోతుంటే తప్పు యంత్రానిది కాదు, సమాజం అల్లికది, మార్చాల్సింది దాన్ని అన్నాడు. చరఖా తిప్పమని మనకి చెప్పినవాళ్ల పిల్లలు ఇప్పుడు రోబోటిక్స్ కంపెనీల్లో వాటాదారులు. మనం చరఖా దగ్గర ఆగలేదు, ఆగం కూడా.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న తీరిక గురించి. మిషన్ వచ్చాక మిగిలిన గంటలు ఎవరి ఖాతాలో పడ్డాయి? అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబర్‌గా ఉన్న రోజుల ఫలితంగా 1946లో ఫ్యాక్టరీల చట్టం సవరించి వారానికి 54 గంటల పనిని 48కి దించారు. అప్పుడు రోబో లేదు, కంప్యూటర్ లేదు. 2025లో ఏం జరిగింది? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రోజువారీ పని పరిమితిని 10 గంటలకి పెంచే నిర్ణయం తీసుకుంది. తెలంగాణ ప్రభుత్వం జులైలో జీవో ఇచ్చి వాణిజ్య సంస్థల్లో 10 గంటలకి దారి తెరిచింది. వారానికి 48 దాటదని ఒక ముక్క తగిలించారు. కాంట్రాక్టర్ రిజిస్టరు ఎట్లా రాస్తాడో తెలిసినవాళ్లకి ఆ ముక్క విలువ తెలుసు. మిషన్ పెరిగింది, మనిషి పని గంటా పెరిగింది. ఏ లెక్కల పుస్తకంలో ఉందండీ ఇది?

హమాలీల వైపు నుంచి ఇంకో ముప్పు ఉంది, దాని గురించి మన సంఘాలు కూడా తక్కువ మాట్లాడుతున్నాయి. సైలోలు. పంజాబ్‌లోని మోగాలో, హర్యానాలోని కైథల్‌లో 2007 నుంచి అదానీ కంపెనీ ఉక్కు సైలోలు నడుస్తున్నాయి. ఒక్కోచోట 2 లక్షల టన్నుల గోధుమలు. ట్రాలీ వస్తుంది, గింజ గొట్టంలోంచి పైకి పోతుంది. సంచి లేదు, కొక్కెం లేదు, హమాలీ లేడు. ఎలకలు తినవు, వానకి తడవదు, గింజకి చాలా మంచిది. గింజకి ఇంత ఆలోచించినవాళ్లు హమాలీకి ఏం ఆలోచించారు? మహారాష్ట్రలో 1969లోనే మాథాడీ చట్టం వచ్చింది. బోర్డులో పేరుంటుంది, యజమాని లెవీ కడతాడు, పీఎఫ్, వైద్యం దాన్నుంచి వస్తాయి. కేరళలో 1978లో తలమోత కార్మికులకి చట్టం వచ్చింది. అలాంటిది మనకీ కావాలని మన హమాలీ సంఘాలు ఇంకా టెంటు కింద కూర్చునే ఉన్నాయి. బోర్డు లేకుండా సైలో వస్తే, ఆ మనిషి ఉన్నాడని చెప్పే కాగితం కూడా ఎక్కడా ఉండదు. పరిహారం ఎవరి పేరు మీద అడుగుతారు?

మరేం కావాలంటారా? రేటు కాగితం మీద రాసివ్వాలి. గంటకెన్ని, ఎవరు పెట్టారు, బాత్రూంకి పోతే ఎట్లా లెక్కిస్తారు. ఇదేం విప్లవం కాదు, కాలిఫోర్నియా 2021లో చేసిన చట్టంలో ఉన్నదే. ప్రభుత్వ భూమి, కరెంటు రాయితీ తీసుకున్న ప్రతి గోదాములో మిషన్ నడిపే, రిపేరు చేసే ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఉండాలి. డాక్ మీద మాకు రిజర్వేషన్ అక్కర్లేదు, అక్కడ వందేళ్లుగా నూటికి నూరు శాతం ఉంది. ఇంకా ముందుకి పోతే, మిషనే మన చేతికి రావాలి. నవ్వకండి. హైదరాబాద్ జలమండలి 2017లో 70 చిన్న జెట్టింగ్ మిషన్లు దింపినప్పుడు డిక్కీ తోడ్పాటుతో మనవాళ్లని వాటికి యజమానుల్ని చేసింది. లోపాలు లేవనను, కానీ దారి ఉందని తేలింది. 2021లో దళితబంధు కింద కుటుంబానికి 10 లక్షలు ఇస్తే ఎక్కువమంది బండ్లు కొన్నారు, స్టీరింగ్ దగ్గరే ఆగిపోయాం. అదే డబ్బు యాభైమందివి కలిపితే ఐదు కోట్లు. ఒక మండలానికి సరిపోయే మిషన్ గోదాము సహకార సంఘం పేరు మీద కట్టొచ్చు. ఎస్సీ సబ్‌ప్లాన్ డబ్బుని రింగురోడ్ల ఖాతాలో రాసే తెలివి ఉన్న ఆఫీసర్లకి ఈ తెలివి లేకపోదు.

"మనవాళ్లకి ఇవన్నీ నడపడం వస్తుందా?" అనే గొంతు నాకు ఇక్కడికే వినిపిస్తోంది. న్యూయార్క్‌లో క్రిస్ స్మాల్స్ అనే నల్లజాతి కార్మికుడు ఉన్నాడు. 2020 మార్చిలో కరోనా జాగ్రత్తలు లేవని సమ్మె చేయిస్తే అమెజాన్ పనిలోంచి తీసేసింది. ఇతనికి తెలివి లేదు, మాట్లాడటం రాదు అని కంపెనీ పెద్ద లాయరు రాసుకున్న నోట్సు బయటపడింది. ఎక్కడో విన్నట్టు లేదూ? రెండేళ్ల తర్వాత, 2022 ఏప్రిల్‌లో, అదే మాట్లాడటం రాని మనిషి ఆ గోదాములో ఓటింగ్ గెలిచి, అమెరికాలో ఆ కంపెనీలో మొట్టమొదటి యూనియన్ పెట్టించాడు. అది రోబోలున్న గోదామే.

గోదాముల్లో చేసే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక పని చెప్తున్నా. మీ రేటు గంటకి ఎంత, అది నోటితో చెప్పారా కాగితం ఇచ్చారా, మీ కార్డు మీద ఎవరి పేరుంది, మీ దగ్గర మిషన్ రిపేరు చేసేది ఎవరు, చేరినప్పుడు మిమ్మల్ని ఏమేం అడిగారు. ఈ ఐదు ముక్కలు నాకు ఇన్‌బాక్స్‌లో పెట్టండి. మీ పేరు, కంపెనీ పేరు బయటికి రావు. వాయిస్ మెసేజ్ అయినా పర్వాలేదు, రాసే టైము మీకు ఎక్కడిది. 5వ భాగం వాటితోనే రాస్తాను. సియాటిల్ అన్నలు కూడా రాయొచ్చు, మీ ఆఫీసులో ఎటుపక్క ఎవరు కూర్చుంటారో.